వెనక్కి కట్టుకున్న చేతులు

గోడ మీద నా ఎత్తు అక్షరాలతో రాసి ఉంది, దయచేసి ముట్టుకోండి అని. పక్కనే నవ్వుతున్న అరచెయ్యి బొమ్మ కూడా వేశారు, చదువు రాని పిల్లల కోసమేమో. అయినా వీళ్ళిద్దరూ చేతులు వెనక్కి కట్టుకునే నడుస్తున్నారు, అక్క ముందు, తమ్ముడు వెనక, తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసర్లలాగా. అద్దం ముందు ఆగుతారు, చూస్తారు, కదులుతారు. తొక్కితే బల్బు వెలిగే సైకిలు ముందు ఆగుతారు, చూస్తారు, కదులుతారు. పక్కన వేరే పిల్లలు ఇసకలో మోచేతుల దాకా ముంచి కేకలు పెడుతున్నారు, ఒక పాప సబ్బు నీళ్ళ చట్రం పైకి లాగి తన చుట్టూ తానే పెద్ద బుడగ కట్టుకుంటోంది. మూతపడ్డ ప్రైవేటు బడిని బాగు చేసి ఈ ఎండాకాలమే తెరిచారు ఈ పిల్లల మ్యూజియాన్ని, జగిత్యాలలో పిల్లలున్న ఇళ్ళలో ఇప్పుడు ఇదే మాట, ఏదీ దూరం నుంచి చూసేది కాదట, అన్నీ చేతులు పెట్టి ఆడుకునేవేనట. నేను కూడా అందుకే ఎంచుకున్నాను. చేతులు పెట్టనిచ్చే చోట మనసు కూడా కాస్త వదులవుతుందనుకున్నాను, ఎంత తెలివి నాది.

ఈ పిల్లలు నావాళ్ళు కారు, ఇంకా. తేజస్విని రెండో తరగతి పూర్తి చేసింది, శ్రవణ్ ఇంకా బడి ముఖం చూడలేదు. వీళ్ళ అమ్మ నవత పోయిన వానాకాలం జ్వరంతో పోయింది. అప్పటి నుంచి కోరుట్లలో అమ్మమ్మ రాజవ్వ దగ్గర ఉన్నారు. నాకూ వీళ్ళ నాన్న జితేందర్‌కీ మాఘంలో పెళ్ళయింది, సిరిసిల్లలో ఆయన ఇంట్లో నేనున్నాను, పిల్లల మంచం ఖాళీగా ఉంది. వచ్చే నెల బళ్ళు తెరుస్తారు, ఏ ఊరి బడో తేలాలి. పొద్దున కోరుట్లలో రాజవ్వ బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "సూడు బిడ్డా, నేను పిల్లలను పొమ్మన, ఉండుమన. పొద్దుమీకి జగిత్యాల బస్టాండ్ల వాళ్ళు ఏ బస్సు సూపెడితే గా బస్సెక్కియ్యి. కోరుట్ల బస్సంటే నాకు ఫోన్ గొట్టు, నేనొచ్చి బస్టాండ్ల నిలవడ్త." ఆ మాటలో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. కోపముంటే బతిమాలొచ్చు. న్యాయంగా మాట్లాడే మనిషిని ఏమని అడుగుతాం.

మధ్యాహ్నం నిప్పులు చెరిగే ఎండ, పైన రేకులు, ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గానీ వేడిగాలే కలియదిప్పుతున్నాయి. హాలు చివర పెద్ద యంత్రం ఒకటి, మోటారు మీద నడుస్తుంది, రంగు రంగుల బంతులను గొలుసు మీద పైకి మోసుకుపోయి వదిలేస్తే అవి మెలికల గొట్టాల్లోంచి జారుతూ కింద పళ్ళెంలో పడతాయి, పిల్లలు వాటిని మళ్ళీ గొలుసు మీద పెట్టాలి. కటకట, కటకట. నాకు ఆ చప్పుడు సిరిసిల్లను గుర్తుకు తెచ్చింది. మా ఇల్లంటే ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో మేము. మరమగ్గాలను మా వైపు సాంచెలే అంటారు. పొద్దున్నే మొదలవుతాయి, ఆ మోతలో మాట వినపడదు, ఇంట్లో అందరూ అరిచి మాట్లాడుకుంటారు, అరవనప్పుడు సైగలు. కొత్తలో జితేందర్ నామీద అరుస్తున్నాడనుకుని ఏడ్చాను కూడా. చారులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా ఆ మనిషి ఊరంతా వినేలా చెబుతాడు, సాంచెల మధ్య పెరిగిన గొంతు, పాపం దానికి తక్కువ స్థాయి అనేది తెలియదు. మేడిపల్లిలో మా నాన్న నాకు బుద్ధి తెలియకముందే మగ్గం వదిలేసి కిరాణం పెట్టాడు, నేను పప్పుల డబ్బాల్లో చేతులు పెట్టి పెరిగాను, మగ్గం సంగతులు నాకు పేరుకే తెలుసు.

పేరుకే, అవును. పిల్లల సంగతి మాత్రం బాగా తెలుసనుకున్నాను. మేడిపల్లిలో ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ వాళ్ళకు చెప్పేదాన్ని, తొలిరోజు గేటు పట్టుకుని ఏడ్చే పిల్లల్ని నా దగ్గరికే పంపేవారు. ఊర్మిళ టీచర్ ఒళ్ళో కూర్చుంటే ఎంత మొండి పిల్లలైనా ఊరుకుంటారని పేరు. ఆ పేరు చూసుకుని ఇంత ధైర్యం చేశాను. తేజస్విని నా ఒళ్ళో కూర్చునే రకం కాదు. నన్ను ఏమని పిలవాలో రాజవ్వ చెప్పింది, చిన్నమ్మ అనమని. ఆ పిల్ల అనలేదు, అననని చెప్పలేదు, ఎవరినీ పిలవాల్సిన పని లేకుండా మాటలు అల్లుకోవడం నేర్చుకుంది. దాహమైతే తమ్ముడితో అంటుంది, నీళ్ళు తాగుతవా అని, నేను వింటానని తెలుసు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఒక్క సీట్లో ఇరుక్కుంది. నేనిచ్చిన అరటిపండు తీసుకోలేదు, కడుపు నిండిందంది, తర్వాత ఆ పిల్ల కడుపు కుయ్యిమన్నది నాకు వినిపించింది, ఇద్దరం కిటికీలోంచి మామిడి తోటలు చూశాం. ఇప్పుడు ఈ చేతులు. నాకు అర్థమైపోయింది, అనుకున్నాను. నేను తెచ్చిన చోట, నేను చూపించినదేదీ ముట్టవద్దు అని ఎవరో చెప్పే పంపారు. రాజవ్వ చెప్పలేదు, ఆవిడ అలాంటిది కాదు, మరి ఎవరు. ఎవరూ చెప్పకపోతే ఇంకా ఘోరం, అంటే ఆ పిల్ల తనంతట తనే అనుకుంది.

ఈ పిల్లలు నాకు కావాలి. ఎవరికీ చెప్పలేదు గానీ నాకు నేను చెప్పుకోవడానికి ఏం సిగ్గు. మొదట చేసుకున్నవాడు పిల్లలు కాలేదని పుట్టింట్లో దింపి వెళ్ళాడు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ పిల్లల ముక్కులు తుడిచి సాయంత్రం గేటు దగ్గర వాళ్ళ అమ్మలకు అప్పజెప్పాను. రోజూ అప్పజెప్పడమే. జితేందర్ చూడ్డానికి వచ్చినప్పుడు ఇద్దరు పిల్లలున్నారని ఎంతో మొహమాటపడుతూ చెప్పాడు, అది లోపమన్నట్టు. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని నవ్వాను, సంతోషం పట్టలేక. ఇవాళ పొద్దున ఆయన రాలేకపోయాడు, చీరల ఆర్డరు మీద ఉన్నాడు, ఇప్పుడు ఫోన్ చేస్తున్నాడు, వెనక సాంచెల మోత, ఎట్లుంది అని అరుస్తున్నాడు, హాల్లో సగం మంది మావైపు చూస్తున్నారు. మంచిగుంది, ఆడుకుంటున్నరు అన్నాను. అబద్ధం.

ఈ హాలు చూసుకునే అమ్మాయి పేరు మానస అట, మెడలో కార్డు వేలాడుతోంది, డిగ్రీ చదువుతూ సెలవుల్లో ఈ పనికి వచ్చిందట. పాపం ఇందాకటి నుంచీ మా వెంటే తిరుగుతోంది. ముట్టుకోమని చెప్పుండ్రి మేడం, ఏం పగలయ్, పగిలినా మేమేమనం, అని నాతో అంటుంది, నేనేదో పిల్లల్ని అదుపులో పెట్టి కొట్టి తెచ్చినట్టు ఒక చూపు కూడా చూసింది. ఎవరైనా అదే అనుకుంటారు. పిల్లలు వేరొకామె కనుసన్నల్లో ఇంత బిగుసుకుపోయి ఉంటే, నేను చూసినా అదే అనుకునేదాన్ని. ఆ చూపు నాకు గుచ్చుకుంది, అందుకే తొందరపడ్డాను. బంతుల యంత్రం ముందు శ్రవణ్ నిలబడిపోయాడు. నోరు తెరిచి, కళ్ళతోనే ఒక్కో బంతినీ పై నుంచి కింది దాకా దించుతున్నాడు. పళ్ళెంలోంచి ఎర్ర బంతి ఒకటి ఎగిరి వాడి కాళ్ళ దగ్గర పడింది. వాడి భుజం కదిలింది. చెయ్యి నడుము పక్క దాకా వచ్చింది. తేజస్విని వాడివైపు చూసింది, అంతే, చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది, పిల్ల మీదో నా మీదో, వంగి వాడి చెయ్యి వెనక నుంచి లాగి, బంతి అందులో పెట్టి, గొలుసు దగ్గరికి తీసుకుపోయాను. వాడు అరిచిన అరుపు. కొట్టినా అలా అరవరు. బంతిని వదిలేసి, ఆ చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, పొట్టకు అదుముకుని, వేళ్ళున్నాయా లేవా అన్నట్టు చూసుకున్నాడు.

తేజస్విని పరిగెత్తి వచ్చింది. తమ్ముడి రెండు చేతులూ తీసుకెళ్ళి వెనక్కి పెట్టింది, వేళ్ళు వేళ్ళలో కలిపింది, వాడి ఏడుపు తగ్గింది. అప్పుడు నావైపు కాదు, యంత్రం వైపు చూస్తూ చెప్పింది. "అమ్మ ముట్టద్దన్నది."

అమ్మ. నాకు అప్పుడు కనిపించింది, కళ్ళ ముందే ఉన్నది ఇన్నాళ్ళూ చూడనిది. సిరిసిల్లలో మా వీధిలో పిల్లలు పాలకో బెల్లానికో వచ్చి సాంచెల గది గుమ్మంలో నిలబడతారు, అందరూ ఒకే తీరుగా, చేతులు వెనక్కి. ఎంత వినయం నేర్పారో అని మెచ్చుకున్నాను నేను. వినయమా. ఆ గదిలో మోటారు పట్టాలు తిరుగుతుంటాయి, దారాన్ని మోసే నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటుంటాయి, ఒక్కోసారి నాడె జారి ఎగిరి వచ్చి గోడకు తగులుతుంది, ఆ మోతలో పిల్ల కేక వేసినా తల్లికి వినపడదు. ఇల్లూ అదే, కార్ఖానా అదే. నడక రాగానే నేర్పే మొదటి సంగతి అదే అయి ఉంటుంది, సాంచెల మధ్య నుంచి పోవాలంటే చేతులు వెనక్కి. ఇక్కడ కటకటమంటూ యంత్రం తిరుగుతోంది, వీళ్ళకు ఇది సాంచె. దయచేసి ముట్టుకోండి అని గోడంతా రాస్తే ఏమవుతుంది, వీళ్ళకు చెప్పింది గోడ కాదు. నా మీద కోపంతో కాదు ఆ చేతులు, నేను వాళ్ళ లెక్కలోనే లేను. తేలిక పడాల్సింది, పడలేదు, ఇంకా బరువైంది. ఎందుకంటే ఆ మాట అన్న మనిషి దాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు. నేను ముట్టుకోమంటే నవత మాటను నేను కొట్టేసినట్టు. అనకపోతే ఈ పిల్లలు ఎక్కడికి వెళ్ళినా, ఏ యంత్రం ముందు నిలబడినా, చేతులు వెనక్కి కట్టుకుని చూసి కదిలిపోతారు. ఆవిడ వాళ్ళ వేళ్ళు కాపాడింది. ఆ వేళ్ళతో వాళ్ళు ఏం చేయాలని ఆశపడిందో నాకు చెప్పి పోలేదు. నవత మీద నాకు కోపం వచ్చింది, వెంటనే ఆ కోపానికి సిగ్గూ వచ్చింది.

నేల మీద కూర్చున్నాను, చీర నలిగితే నలగనీ అని. ఎల్‌కేజీలో పనికొచ్చిన మాటలు రెండు మూడు నోటిదాకా వచ్చాయి, మింగేశాను. అది సాంచెల ముచ్చట, ఇక్కడ సాంచెలు లెవ్వు గద, అన్నాను. నీకెట్ల తెల్సు, నువ్వప్పుడు లేవు గద, అంది తేజస్విని. నిజమే. లేను. అందుకని అడిగాను, లేను కాబట్టి నువ్వే చెప్పు అని. మీ అమ్మ మస్తు తెలివిగల్లది, ఎప్పటికీ ముట్టద్దు అని ఉండది, ఎప్పుడు ముట్టుమన్నదో నాకు చెప్పు అని. ఆ పిల్ల చాలాసేపు యంత్రాన్ని చూసింది. నేను అడిగింది తప్పేమో, ఇంకొంచెం మూసుకుపోతుందేమో అనుకున్నాను. తర్వాత, తమ్ముడికి చెబుతున్నట్టే, మెల్లగా మొదలుపెట్టింది. "సాంచెలు నడుస్తుంటే చేతులు ఎనకకు. కరెంట్ వోతే బందైతయి గద, అప్పుడు అమ్మ అచ్చి ఎనుక నిలవడి ఏళ్ళు తీస్తది. ఇగ ముట్టుకోండ్రి అంటది. ఖాళీ కండెలిస్తది ఆడుకోను."

కరెంటు పోవడం. అందరూ తిట్టుకునే సమయం ఆ ఇంట్లో పండగన్నమాట. మోత ఒక్కసారి ఆగిపోయి, చెవులు గుయ్యిమని, అప్పుడు తల్లి గొంతు మామూలుగా వినపడేది, అరవకుండా. దారం చుట్టే కండెలు, ఖాళీవి, ఎర్రవి పచ్చవి. నవత ఒక రోజులో ఎంతసేపు పిల్లలతో అరవకుండా మాట్లాడగలిగిందో, ఆ కాసేపే అయి ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. అయితే గీ మిషిన్ బంద్ చేపిద్దామా అన్నాను. తేజస్విని తల పైకెత్తి ఫ్యాన్లను చూసింది, తిరుగుతున్న సైకిలు చక్రాన్ని చూసింది. అన్నీ బంద్ గావాలె, అంది.

మానసను పిలిచి అడిగాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది, మేడం ఫ్యాన్లు కూడానా, ఈ ఎండలనా అంది. నేను మొత్తం చెప్పలేదు, వీళ్ళది సిరిసిల్ల, సాంచెల ఇల్లు అన్నాను. ఆమె ఒకసారి పిల్లల చేతుల వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ దించేసింది. హాల్లో ఎవరో పెద్దాయన కరెంటోళ్ళను తిట్టడం మొదలుపెట్టాడు. ఫ్యాన్లు నెమ్మదించాయి. గొలుసు ఆగింది, కానీ గొట్టాల్లో బంతులు ఇంకా జారుతున్నాయి, తేజస్విని వేలెత్తకుండానే తలతో ఆగమంది, చివరి బంతి పళ్ళెంలో పడి దొర్లి నిలిచేదాకా ఆగాము అందరం. చెమట నా వీపు మీద కారుతోంది. అప్పుడు ఆ పిల్ల తన చేతులు విడదీయలేదు, ముందుగా తమ్ముడి వెనక్కి వెళ్ళింది, అక్కడ తన చేతులు తనకు అవసరమని గుర్తొచ్చి ఆగిపోయింది. వాడి వేళ్ళు తీయాలంటే ముందు తన వేళ్ళు తీయాలి. ఎవరు తీస్తారు. నేను లేచి ఆ పిల్ల వెనక్కి వచ్చాను, నా చేతులు ఆ వేళ్ళ దాకా వచ్చాయి, నీయి నేను తియ్యాల్నా అన్నాను. వద్దని తల ఊపింది. గట్టిగా కూడా కాదు, మెల్లగా, నన్ను నొప్పించకూడదన్నట్టు. నేను వెనక్కి జరిగాను. శ్రవణ్ వెనుదిరిగి చూశాడు, ఏం అర్థమైందో వాడికి, తన చేతులు తానే ఊడదీసుకుని వచ్చి, అక్క వేళ్ళు పీకడం మొదలుపెట్టాడు, మూలుగుతూ, ముల్లు తీసినట్టు, ఇగ ముట్టుకో, ఇగ ముట్టుకో అంటూ.

ఆ తర్వాత వాళ్ళను ఎవరు పట్టగలరు. బంతులు, ఇసక, తాళ్ళు, గొట్టంలో నోరు పెట్టి అరవడం, మానస నవ్వుతూ వెంట పరుగులు. కరెంటు లేకపోయినా ఆడుకునేవి చాలా ఉన్నాయి అక్కడ, గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. సంతోషంగా ఉంది, నిజం చెప్పాలంటే కుళ్ళుగానూ ఉంది. నేను ఇంత దూరం తీసుకొచ్చి, ఇంతగా బతిమాలి, చివరికి వాళ్ళ చేతులు విప్పింది నవతే. నేను మెయిన్ దింపించిన మనిషిని. సరే, ఎవరో ఒకరు దింపించాలి కదా అనుకున్నాను, అనుకుంటే కొంచెం నయమనిపించింది, పూర్తిగా కాదు. మెయిన్ మళ్ళీ వేశాక కూడా శ్రవణ్ ఇసకలోంచి లేవలేదు. యంత్రం దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. వెళ్ళకపోవడమే మంచిదనిపించింది నాకు. బయల్దేరే ముందు, గుడ్డ కట్టిన వేలితోనే, వాడి కాళ్ళకూ చేతులకూ అంటిన ఇసక దులిపాను.

బస్టాండులో కోరుట్ల బస్సు ఇంజను వేసుకుని నిలబడి ఉంది, రెండు ప్లాట్‌ఫారాల అవతల వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయేది. పొగ, మోత. నా రెండు భుజాలకూ సంచులు. ఇప్పుడే అడగాలి. రాజవ్వకు మాట ఇచ్చాను, ఒక్క మాట కూడా నావైపు లాగనని. ఏ బస్సు బిడ్డా, అని అడిగాను, నా గొంతు నాకే వినపడలేదు, మళ్ళీ అడిగాను. తేజస్విని నా చెయ్యిని చూస్తోంది. చూపుడు వేలికి కట్టిన గుడ్డ ఇసకతో ఊడిపోయి వేలాడుతోంది.

గిదేంది అంది. కండెల మిషిన్ కాడ దారం కోసింది అన్నాను. కండెలు నువ్వు చుడుతున్నవా అంది. అవును, మీ నాయినకు ఒక్కనికి అయితలేదు, అన్నాను. నాతో నేరుగా మాట్లాడుతోందని అప్పటికి గానీ నాకు తట్టలేదు. ఆ పిల్ల ముఖం కోపంగా అయింది, పెద్దవాళ్ళ మీద పిల్లలకు వచ్చే కోపం.

"నీకు ఎవలు చెప్పలేదా?"

చేతుల సంగతి. లేదు బిడ్డా, ఎవలు చెప్పలె, అన్నాను. నిజంగానే ఎవరూ చెప్పలేదు, పెద్దదాన్ని కదా, తెలుసనుకున్నారు. ఆ పిల్ల నా వెనక్కి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని వెనక్కి లాగింది, సంచులు మోచేతుల మీదికి జారి వేలాడాయి, వేళ్ళు వేళ్ళలో కలిపింది, దెబ్బ తగిలిన వేలిని పైకి ఉంచింది. "గిట్ల వెట్టుకోవాలె. నేను తీసేదాక తియ్యద్దు," అంది. తమ్ముడి చొక్కా పట్టుకుని సిరిసిల్ల బస్సు వైపు నడిచింది. నేను వెనకాల, రెండు సంచులతో, చేతులు కట్టుకుని. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకునే వీలు లేదు, బఠానీలమ్మే ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.

వాళ్ళిద్దరూ ఎక్కేశారు. నేను మెట్టు దగ్గర ఆగిపోయాను. ఎక్కాలంటే కడ్డీ పట్టుకోవాలి. కండక్టరు ఎక్కమ్మా ఎక్కు అని రెండుసార్లు అన్నాడు, బస్సు కదలబోతోంది, నేను చేతులు తియ్యలేదు. తమ్ముణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి ఆ పిల్ల మళ్ళీ దిగి వచ్చింది. నా వెనక నిలబడి ఒక్కో వేలే విప్పింది, దెబ్బ తగిలిన దాన్ని చివరికి ఉంచి, నొప్పి పుట్టకుండా.

"ఇగ ఎక్కు," అంది.